జైలు ఫోనులో చెప్పించిన సాక్ష్యం

మా తెలుగు సహవాసంలో సాక్ష్యం చెప్పడమంటే పెద్ద విషయం. ఆదివారం పాటలయ్యాక, వాక్యానికి ముందు, ఎవరో ఒకరు ముందుకొచ్చి మైకు పుచ్చుకుంటారు. దేవుడు తమను ఎక్కణ్ణుంచి ఎక్కడికి తెచ్చాడో చెప్తారు. పడ్డ గొయ్యి ఎంత లోతైతే వినేవాళ్ళకు అంతగా ఒళ్ళు జలదరిస్తుంది. 'నేను మామూలు మనిషిని, అప్పుడప్పుడూ అబద్ధమాడేవాణ్ణి' అంటే ఎవరూ హల్లెలూయా అనరు. అందుకని మాలో ప్రతివాళ్ళూ మైకు చేతికి రాగానే దొంగలు, ద్రోహులు, హంతకులు అయిపోతారు. గుంటూరు జిల్లాలో మా చిన్న గుడి దగ్గర్నుంచి అమెరికాలో ఈ అల్ఫారెట్టా దాకా నేను వింటూ వస్తున్నది ఇదే. అది అబద్ధమని నేననను. దేవుడి ముందు నిలబడితే మనిషికి తను అలాగే కనపడతాడు. కానీ అది దేవుడి ముందు చెప్పుకునే మాట. దాన్ని తీసుకెళ్ళి జడ్జి ముందు పెడితే ఏమవుతుందో మావాళ్ళకు పట్టలేదు. పట్టకపోవడం వల్ల ఒక ఆడపిల్ల దాదాపు జైల్లోనే ముసలిదైపోయేది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండనీ. ఈ సంగతి చల్లారాక చెప్పేది కాదు.

నేను చదివింది ఐదో తరగతి. ఈ దేశంలో నా బతుకంతా ఒక ఇండియన్ స్టోరు వెనక వంటింట్లో గడిచింది. సమోసాలు, పూర్ణాలు, పండగలకు అరిసెలు. ఆ స్టోరులో గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఒకమ్మాయిని పోలీసులు పట్టుకుపోతే చూడ్డానికి ఒక్కళ్ళూ వెళ్ళలేదు. నేను వెళ్ళాను. అలా మొదలైంది. మా సహవాసం నుంచే మరో నలుగురు ఆడవాళ్ళు తోడయ్యారు. మా కోడలు కాగితాలు పెట్టి దాన్నొక సంస్థ చేసింది. ప్రెసిడెంటు ఎవరంటే అందరూ నా వైపు చూశారు, ఉద్యోగం లేనిదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి.

మేం జైల్లో ఆడవాళ్ళతో కూర్చుని ప్రార్థన చేస్తాం. విడుదలైనవాళ్ళను కార్లో ఎక్కించుకుని ఇంటికి చేరుస్తాం. కౌంటీ మీటింగుల్లో నిలబడి, మా భాషవాళ్ళకు కోర్టులో దుబాసీ కావాలని వచ్చీరాని ఇంగ్లీషులో అడుగుతాం. వాయిదా రోజున కోర్టులో ముందు వరసలో కూర్చుంటాం, పట్టుచీరలు కట్టుకుని మరీ. జడ్జి తలెత్తితే ఈ మనిషికి మనుషులున్నారని కనపడాలి. పట్టుచీరలు ఆ గదిలో బాగా కనపడతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. జైల్లో కొత్త మనిషి కనపడితే ప్రార్థన కంటే ముందు చెప్పే మాట ఇంకో ఎత్తు. 'ఫోనులో కేసు సంగతి ఎత్తొద్దు. ఇక్కడ ప్రతి కాలూ రికార్డు చేస్తారు. అమ్మతో మాట్లాడినా సరే, కూర ఏం వండారని అడుగు. కేసు మాత్రం ఎత్తకు.' ఇది ఆ పిల్లకు కూడా చెప్పాను.

ఆ పిల్లంటే, మాతో గుడికొచ్చే మనిషే. ముప్ఫై దాటి ఉంటాయి. పెళ్ళయి వచ్చింది, మొగుడు వదిలేశాడు, గ్రీన్ కార్డు ఒకటి మిగిలింది. కర్రీ పాయింట్‌లో వంట చేసేది. నన్ను పెద్దమ్మా అనేది. చలికాలంలో ఒక సాయంత్రం వాన పడుతుండగా పని నుంచి ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్తోంది. వీధి దీపాల్లేని రోడ్డు. నల్లకోటు వేసుకున్న ముసలాయన ఒకాయన రోడ్డు దాటబోయి కారుకు ఎదురొచ్చాడు. బ్రేకు వేసింది. కారు జారింది. ఆయన పడిపోయాడు. ఈమె పారిపోలేదు. తనే పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్ళు వచ్చేదాకా తడి రోడ్డు మీద కూర్చుని ఆయన మొహం మీద వాన పడకుండా చేతులు అడ్డం పెట్టింది. ఆయన బతకలేదు.

పోలీసులు ముందే పెద్ద కేసు పెట్టేశారు. కావాలని అడ్డదిడ్డంగా నడిపి ప్రాణం తీసిందని. ప్రభుత్వం ఇచ్చిన లాయరమ్మ, నల్లావిడ, నిదానస్తురాలు, నాతో చెప్పింది: "కారు వేగం ఎంతో తేలితే ఇది ప్రమాదమేనని వాళ్ళూ ఒప్పుకోవాలి. కేసు తగ్గుతుంది, బెయిల్ వస్తుంది. లేదంటే ఏళ్ళకు ఏళ్ళు జైలు. ఈలోపు తను చేయాల్సిందల్లా ఒక్కటే. నోరు మూసుకుని ఉండడం."

నోరు మూసుకోనిచ్చారా?

మా సహవాసానికి ఒక పెద్దాయన ఉన్నాడు. వారమంతా సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, ఆదివారం మాకు బోధకుడు. అందరూ అన్నా అనో బ్రదర్ అనో పిలుస్తారు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. గొంతు మంచిది, పాడితే గోడలు వింటాయి. ఆయనకొక యూట్యూబ్ ఛానెల్ ఉంది. సాక్ష్యాలన్నీ అందులో పెడతాడు. ఆ పిల్ల జైల్లో పడ్డ దగ్గర్నుంచి ఆయన ఒక్కసారి కూడా చూడ్డానికి రాలేదు. ఆయనే కాదు, మా ఐదుగురం తప్ప సహవాసంలో ఎవరూ రాలేదు. 'మన పేర్లు లోపల రాసుకుంటారట' అని ఒకావిడ, 'గ్రీన్ కార్డు అయ్యాక వస్తాను' అని ఒకాయన. అలాంటి ఆయన ఒకనాడు ఆ పిల్ల తన నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తి, 'చెల్లీ, ఆదివారం సంఘమంతా నీ గొంతు వింటుంది' అన్నాడట. మనిషి మొహం కరువైపోయిన పిల్ల. సంఘమంతా అనగానే ఏడ్చేసిందట.

నాకు చెప్పలేదు. చెప్తే ఆపుతానని తెలుసు.

ఆ ఆదివారం నేను మూడో వరసలో కూర్చున్నాను. పాటలయ్యాయి. పెద్దాయన ఫోను మైకుకు ఆనించి పట్టుకున్నాడు. హాలంతా గరగరమంది. ముందు ఒక మరమనిషి ఆడగొంతు ఇంగ్లీషులో చెప్పింది, ఈ కాల్ జైలు నుంచి వస్తోంది, ఇది రికార్డు అవుతోంది అని. వెనకాల ఎవరో అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నారు.

 తరవాత ఆ పిల్ల గొంతు.

"నేను హంతకురాలిని. ఈ చేతులతో ఒక మనిషి ప్రాణం తీశాను. ఆ రోజు నా గుండె నిండా కోపం ఉంది. సాతాను నా పక్క సీట్లో కూర్చున్నాడు. స్టీరింగు వాడి చేతికిచ్చాను..."

నేను లేచి అరిచాను. "ఆపండి! ఫోన్ పెట్టేయండి! అమ్మాయ్, మాట్లాడకు!"

"అక్కా, ఆత్మ పనిచేస్తోంది. అడ్డుపడొద్దు" అన్నాడాయన, మైకు వదలకుండానే.

"ఏ ఆత్మ నాయనా? లాయరు వద్దని చెప్పింది!"

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు నా చేతులు పట్టి కూర్చోబెట్టారు. ఒకావిడ నా వీపు నిమురుతూ "బీపీ మాత్ర వేసుకున్నావా అక్కా?" అంది. జనం ఏడుస్తున్నారు, చేతులెత్తుతున్నారు. ఆ పిల్ల చెప్తూనే ఉంది. హాల్లో నా గోల ఫోనులో ఆమెకు వినపడలేదట, స్తోత్రం అన్న హోరు తప్ప.

మధ్యాహ్నం భోజనాల టైముకే వీడియో వచ్చేసింది. హంతకురాలి కన్నీటి సాక్ష్యం అని పేరు. బొమ్మ మీద నుజ్జునుజ్జయిన కారొకటి, ఎక్కడిదో ఎవరిదో. ఆ పిల్ల కారుకు ముందు దీపం ఒకటే పగిలింది. మా కోడలు ఫోను నా ముందు పెట్టి, "అత్తయ్యా, ఆల్రెడీ ఎంతమంది చూశారో చూడండి. వీళ్ళకి బుర్ర పనిచేస్తోందా?" అంది.

ఒక్క మాట అడుగుతాను. ఆ హాల్లో అంతమంది ఏడ్చారు కదా, చనిపోయిన ఆ ముసలాయన కోసం ఒక్కరు ప్రార్థన చేశారా? ఆయన ఇంట్లో ఎవరున్నారో, ఎలా ఉన్నారో ఒక్కరు అడిగారా? ఆ పిల్ల జైల్లో నాతో కూర్చున్నప్పుడల్లా ముందు ఆయన కోసమే మోకరించేది. మా హాల్లో ఆయన ఊసే లేదు. ఆయన వాళ్ళకు కథలో ఒక శవం, అంతే.

బెయిల్ వాయిదా వచ్చింది. కారు వేగం మామూలుగానే ఉందని తేలిపోయింది, లాయరమ్మ ధీమాగా ఉంది. మేం పట్టుచీరల్లో ముందు వరసలో ఉన్నాం. అప్పుడు ప్రాసిక్యూటర్ లేచాడు. కుర్రవాడు, దువ్విన దువ్వు చెదరని జుట్టు. కాగితం చూస్తూ చదవడం మొదలుపెట్టాడు. నా కోడలు నా చెవిలో తెలుగులో చెప్తోంది. ఆమె తన నోటితో ఒప్పుకుంది, హంతకురాలినని. కోపంతో నడిపానని. స్టీరింగు సాతాను చేతికిచ్చానని. కాబట్టి ఇది ప్రమాదం కాదు, కేసు తగ్గించడానికి వీల్లేదు, బెయిలు ఇవ్వడానికి వీల్లేదు.

అనువాదంలో తప్పేమీ లేదు. ప్రతి మాటా ఆ పిల్ల అన్నదే. అదే నా కడుపుమంట. జైలువాళ్ళు కాల్ ఇచ్చారు, ఎవరో డబ్బులు పుచ్చుకుని తెలుగును ఇంగ్లీషు చేశారు, ఆ కుర్రవాడు చదివాడు. ఇంత పని చేసినవాళ్ళలో ఒక్కడు కూడా, కార్లో పక్క సీట్లో సాతాను కూర్చోవడమేమిటి, ఇదేం మాట్లాడే పద్ధతి అని ఆగి అడగలేదు. అడిగితే కేసు చిన్నదైపోతుంది మరి.

జడ్జి వాయిదా వేశాడు. వరండాలో లాయరమ్మ నన్ను చూసి గోడకు తల ఆనించింది.

"ఆ మాట ఒక పాస్టరుకు ఒంటరిగా చెప్పుంటే చట్టం దాన్ని ముట్టుకోదు, తెలుసా?" అంది. "జైలు ప్రార్థన గదిలో మీతో చెప్పినా ఏదో ఒకటి వాదించేదాన్ని. అంతమంది ముందు మైకులో చెప్పించారు. ఇప్పుడది అందరి సొత్తు. మీ గుడిలో ఎప్పుడూ ఇంతేనా?"

"ఇంతేనమ్మా. మేమందరం హంతకులమే" అన్నాను.

ఆమె నా వంక అదోలా చూసింది. కోడలు వివరంగా చెప్పింది. లాయరమ్మ ముఖం మెల్లగా మారింది. "ఈ మాట కోర్టులో చెప్పడానికి ఆ బోధకుణ్ణి తీసుకురాగలరా?"

అక్కణ్ణుంచి తిన్నగా ఆయన ఇంటికే పోనిమ్మన్నాను కోడల్ని. ఆయన భార్య టీ ఇచ్చింది. నేను ముట్టుకోలేదు.

"బ్రదర్, నువ్వొచ్చి ఒక్క మాట చెప్పాలి. సాక్ష్యంలో మనం ఇలాగే మాట్లాడతాం, ఇదొక పద్ధతి అని. అంతే."

"అక్కా, అది కోర్టు. నాకు గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ దగ్గర పడుతోంది. రికార్డ్స్‌లో నా పేరు పడితే?"

"ఆ పిల్ల పేరు రికార్డుల్లో పడేటప్పుడు నీకీ జ్ఞానం రాలేదా?"

"నేనేం చేశానక్కా? తను చెప్పింది. సత్యం చెప్పింది. సత్యం విడుదల చేస్తుంది."

"ఎవర్ని చేసింది విడుదల? సంకెళ్ళతో తీసుకొచ్చి సంకెళ్ళతో తీసుకుపోయారు. నీ పక్క సీట్లో ఎవడు కూర్చున్నాడు నాయనా ఆ వీడియో పెట్టేటప్పుడు?"

"అత్తయ్యా" అని కోడలు నా చెయ్యి నొక్కింది.

"అక్కా, మీరు కోపంలో ఉన్నారు. ప్రేయర్ చేద్దాం."

"నువ్వు చేసుకో. వీడియో అయినా తీసెయ్. ప్రభుత్వం దగ్గర వాళ్ళ కాపీ వాళ్ళకుందట, లాయరు చెప్పింది. రేపు కేసులో తీర్పు చెప్పడానికి కూర్చునే జ్యూరీ జనం చూడకుండా ఉంటే చాలు."

"ఎంతమంది ఆత్మలు దానివల్ల తాకబడ్డాయో కామెంట్స్ చూశారా మీరు?"

నేను కామెంట్లు చూడలేదు. చెప్పులు వేసుకుని వచ్చేశాను. కార్లో కోడలు బెల్టు పెట్టుకుంది. తరవాత, "మీరు తిట్టిన తిట్టు బాగుంది అత్తయ్యా" అంది. నాకు నవ్వు రాలేదు.

జైల్లో ప్రార్థనకు మా వంతు వారం వచ్చింది, వెళ్ళాం. మాకు ప్రార్థన గదిలో ఎదురుగా కూర్చునే అనుమతి ఉంది. ఆ పిల్ల చిక్కిపోయింది. కళ్ళకింద నలుపు. నేను కోప్పడ్డానికే వెళ్ళాను, దాన్ని చూడగానే చేతులు పట్టుకున్నాను.

"ఎందుకే అమ్మా అన్నావు ఆ మాటలు? కోపమెక్కడిది నీకు ఆ రోజు?"

"కోపమేం లేదు పెద్దమ్మా. ఆ రోజు గుత్తొంకాయ బాగా కుదిరింది, ఓనరు మెచ్చుకున్నాడు, సంతోషంగానే ఇంటికెళ్తున్నాను."

"మరి?"

"అన్న నేర్పించాడు. ముందురోజు. నేను జరిగింది జరిగినట్టు చెప్తే, చెల్లీ ఇది సాక్ష్యంలా లేదు, ఇన్సూరెన్సుకు చెప్పినట్టుంది, ఇంకా బలంగా ఉండాలి అన్నాడు. సాతాను మాట ఆయనే పెట్టాడు."

"ఎక్కడ నేర్పించాడే? వచ్చాడా ఇక్కడికి?"

"రాలేదు పెద్దమ్మా. ఫోన్లో."

"ఏ ఫోన్లో?"

ఆమె నా వంక చూసింది. "ఇక్కడి ఫోన్లోనే."

దేవుడి గదిలో కూర్చుని అలా చేయకూడదు గానీ, నేను టేబుల్ మీద గట్టిగా ఒక చరుపు చరిచాను. గార్డు తలుపులోంచి తొంగి చూశాడు. జైలు ఫోనులో ప్రతి కాలూ రికార్డవుతుందని నేను ఎంతమందికి చెప్పాను! ఆ పిల్ల మరిచిపోయింది. మా పెద్దాయన వినిపించుకోలేదు. ప్రాసిక్యూటర్‌కు మాత్రం బాగా తెలుసు, అయినా ఆదివారం కాల్ ఒక్కటే తెలుగులోంచి ఇంగ్లీషులోకి దింపించుకున్నాడు. అంతకుముందు రోజుది అక్కడే ఉంది. దాన్ని ఎవరూ వినలేదు. విన్నారో లేదో దేవుడికే తెలుసు.

ఆ కాల్ బయటికి రావడానికి లాయరమ్మ ఎన్ని తలుపులు తట్టిందో. ఒకసారి లేదన్నారు, ఒకసారి వెతుకుతున్నామన్నారు, ఒకసారి ఆ భాష ఏమిటో తేలలేదన్నారు. ఆదివారం కాల్ భాష గంటలో తేలింది, శనివారం కాల్ భాష తేలలేదట! నేను మా నలుగురినీ వెంటబెట్టుకుని ఆ ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చునేదాన్ని. పట్టుచీరల్లోనే. అటూ ఇటూ పోయేవాళ్ళు మాకేమైనా పెళ్ళుందా అని అడిగేవారు. ఉంది, పెళ్ళికూతురు మీ దగ్గరే ఉంది, పంపండి అని కోడలు చేత చెప్పించాను. చివరికి ఇచ్చారు. లాయరమ్మ కోర్టు దుబాసీ చేత దాన్ని ఇంగ్లీషు చేయించింది.

మళ్ళీ వాయిదా. ముందు నన్ను బోనులోకి పిలిచారు. నాకు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ఫోనులో పెట్టారు. ప్రాసిక్యూటర్ అడిగాడు: "మీ గుడిలో అందరూ హంతకులమని చెప్పుకుంటారని అంటున్నారు. అంటే మీ గుడిలో అందరూ అబద్ధాలు చెప్తారా?"

నాకు నషాళానికి అంటింది.

"బాబూ, నువ్వు మీ ఇంటావిడతో నువ్వు లేకపోతే చచ్చిపోతాను అని ఎప్పుడైనా అన్నావా? అంటే ఆత్మహత్య కేసు పెడతావా నీ మీద?"

ఫోనులో ఇంటర్‌ప్రెటర్ దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. జడ్జి గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. "సమాధానం మాత్రమే చెప్పండి" అన్నాడు, కోపంగా ఏం కాదు.

"అబద్ధం కాదండీ. దేవుడి ముందు నేనూ హంతకురాలినే. మా ఊళ్ళో కోడిని కోయాలన్నా పక్కింటావిణ్ణి పిలిచేదాన్ని. అయినా హంతకురాలినే. మా పద్ధతి అది."

అప్పుడు లాయరమ్మ రికార్డు పెట్టింది. కోర్టు హాలు నిండా మా పెద్దాయన గొంతు. పాట పాడే మంచి గొంతు. ఆ పిల్ల సన్నగా అంటోంది, "అన్నా, నాకు కోపమేం లేదన్నా. వానలో కనపడలేదు." ఆయన అంటున్నాడు: "చెల్లీ, నేను నా సాక్ష్యంలో హంతకుణ్ణని చెప్పలేదా? నేనెవర్ని చంపాను? చీమను కూడా చంపలేదు. కానీ అలా చెప్తేనే జనం కదులుతారు. దేవుడికి మహిమ. సాతాను నీ పక్కన కూర్చున్నాడని చెప్పు. ఆ, అలా. మళ్ళీ ఒకసారి చెప్పు, కొంచెం ఏడుపు రావాలి."

ఇంగ్లీషులో చదివారు.  కోర్టుకు రానన్న మనిషి అలా వచ్చాడు. ప్రాసిక్యూటర్ కాగితాలు సర్దుకుంటున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. నాకు సంతోషం కలిగిందని అనుకుంటారేమో. లేదు. ఆ పిల్ల తల వంచేసుకుంది. తన బతుకును ఇద్దరు పెద్దమనుషులు చెరో పక్క నుంచి ఎలా వాడుకున్నారో, ఆ గదిలో అందరి ముందూ విని కూర్చుంది. ఒకడు దేవుడి పేరుతో, ఒకడు న్యాయం పేరుతో.

జడ్జి ఆ సాక్ష్యాన్ని తీసి పారేయలేదు. దాన్ని ఎలా వినాలో ఇప్పుడు తెలిసింది అన్నాడు. బెయిల్ ఇచ్చాడు. తరవాత కొన్నాళ్ళకు పెద్ద కేసు వదిలేసి చిన్న కేసు చేశారు. జైలు లేకుండా బయటపడొచ్చని లాయరమ్మ అంది, ఆ ముక్క ఇంకా తేలాలి. చనిపోయిన ముసలాయన తరఫువాళ్ళతో మాట్లాడకూడదని షరతు పెట్టారు. ఆ పిల్లకు అన్నిటికంటే కష్టం అదే. క్షమించమని అడగాలని ఉంది దానికి. అడగాల్సిన చోట అడగనివ్వరు, అక్కర్లేని చోట మైకు పెట్టారు.

ఆమెను మా ఇంటికే తెచ్చుకున్నాను. కర్రీ పాయింట్‌లో పని పోయింది, గది పోయింది. మా ఇంట్లో పొద్దున లేచి ముందు పొయ్యి తుడుస్తుంది. వద్దన్నా వినదు.

ఆ తరవాతి శనివారం మధ్యాహ్నం పెద్దాయన వచ్చాడు. వెంట కెమెరా స్టాండొకటి. మొహం మాడ్చుకునే ఉన్నాడు.

"నన్ను కోర్టుకీడ్చారక్కా. మీ గ్రూపుకి ఇక హాలు ఇవ్వొద్దని పెద్దలంతా అనుకున్నారు."

"హాలు మీరే ఉంచుకోండి. మా పని జైల్లో. అక్కడ హాలు వాళ్ళే ఇస్తారు. ఆ కర్ర ఏమిటి?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "చెల్లి బయటికొచ్చింది కదా. ఎంత గొప్ప కార్యం! రేపు విడుదల సాక్ష్యం చెప్తే బాగుంటుంది. కుదరకపోతే ఇక్కడే చిన్నగా రికార్డ్ చేసుకుంటా."

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి ఆ పిల్ల వచ్చింది. చేతులు తుడుచుకుంటూ, "వందనాలన్నా. భోజనం టైముకొచ్చారు, తినేసి వెళ్ళండి. సాక్ష్యం మాత్రం చెప్పనన్నా" అంది. అంతే మెత్తగా.

ఆయన కూర్చున్నాడు. తినేసి వెళ్ళమన్నాక వెళ్ళిపోవడం ఆయనకు చేతకాదు, పొమ్మనడం నాకు చేతకాదు. మా పెంపకాలు అలాంటివి. కెమెరా స్టాండు నేనే తీసుకెళ్ళి వాకిట్లో చెత్తడబ్బా పక్కన నిలబెట్టి వచ్చాను. కంచం పెట్టాను, కాస్త చప్పుడయ్యేలాగే. అన్నం వేశాను. ఆయన పప్పు వైపు చూశాడు.

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"అక్కా?"

"వీడియో తీసెయ్."

"అక్కా, తిని..."

"నా ఇంట్లో ఆ పిల్ల చేత్తో వండిన పప్పు అది. ఆ వీడియో ఉండగా నీ కంచంలో పడదు."

ఆయన కోడలి వైపు చూశాడు, సాయం కోసం. కోడలు ఫ్రిజ్‌కు ఆనుకుని చేతులు కట్టుకుంది. "తీసేయండి అంకుల్. అన్నం చల్లారిపోతోంది" అంది.

కుడిచేయి అన్నంలో ఉంది. ఎడమచేత్తో ఫోను తీసి, బొటనవేలితో ఏవేవో నొక్కాడు. "అయిపోయింది" అన్నాడు. కోడలు తన ఫోనులో చూసింది. "నాకింకా కనిపిస్తోంది అంకుల్. పేరు మార్చారంతే." ఆయన మొహం కందగడ్డయింది. మళ్ళీ నొక్కాడు. ఈసారి కోడలు చాలాసేపు వెతికి, తల ఊపింది.

ఆ పిల్ల సింకు దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. నీళ్ళు వదిలే ఉన్నాయి, గిన్నె మాత్రం తోమడం లేదు.

నేను పప్పు వేశాను. నెయ్యి వేయలేదు.